అంతర్జాలంలో మనకున్నది డి-పట్టాయే

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డునున్న శ్రీముఖలింగాన్నే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించారు. పన్నెండో శతాబ్దంలో చోడగంగదేవుడు రాజధానిని కటకానికి తరలించాక పాత పేరు వాడుకలోంచి జారిపోయింది. ఊరికి దేవుడి పేరు మిగిలింది. జారిపోయిన ఆ పేరు కోసం శాసనాలను వెతికినవారిలో గిడుగు రామమూర్తి ఒకరు. ముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన, శాసనాల లిపి చదవడం సొంతంగా నేర్చుకున్నారు. మధుకేశ్వరాలయంలో కనిపించే శాసనాలలో చాలా వాటి సారాంశం ఒక్కటే: ఫలానా వారు అఖండదీపానికి ఇంత సమర్పించారు. దాత పేరు, ఇచ్చిన సొమ్ము, శకసంవత్సరం. రాతిమీది ఆ పేరును తుడిచేయాలంటే ఎవరో ఒకరు ఉలి పట్టుకుని నలుగురి కళ్లముందు రావాలి.

గాంగుల రాగిరేకుల సంగతి వేరు. వాటిలో అత్యధికం బ్రాహ్మణులకిచ్చిన భూదానాలు. పొలిమేరలు వర్ణించి, పన్నుల మినహాయింపు ప్రకటించి, ఈ దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని చివర్లో శాపం పెట్టి ముద్ర వేసేవారు. ఆ పొలాన్ని దున్నినవాడి పేరు రేకు మీద సాధారణంగా కనిపించదు. శాపం కాపాడినది పేరున్నవాడి హక్కునే.

పేరు ఎవరిది, ఆ పేరు కిందనున్న చోటు ఎవరిది, దాన్ని వెనక్కి లాక్కునే అధికారం ఎవరిది అనే ఈ పాత ప్రశ్న ఇప్పుడు అంతర్జాలంలో మళ్లీ మన ముందుకొచ్చింది. గత పదిహేనేళ్లలో దళిత బహుజన పత్రికలు, విద్యార్థి సంఘాలు, ఆదివాసీ వేదికలు తమ మాటకొక తావు వెబ్‌సైట్ల రూపంలో ఏర్పాటు చేసుకున్నాయి. ఫేస్‌బుక్ పేజీ కంపెనీవారి అరుగు, డొమైన్ పేరు మాత్రం సొంత ఇల్లు అని వాటిని నడిపే యువకుల నమ్మకం. డొమైన్ ‘కొన్నాం’ అనే అంటారు తప్ప అద్దెకు తీసుకున్నామని ఎవరూ అనరు.

నిజానికి అక్కడ కొనడమన్నది లేదు. మొత్తం వ్యవస్థకు పైన 1998లో అమెరికాలో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ ఉంది. దాని కింద ప్రతి తోకకూ ఒక రిజిస్ట్రీ: డాట్ కామ్‌కు వెరీసైన్ అనే అమెరికన్ కంపెనీ, డాట్ ఇన్‌కు మన ప్రభుత్వ చొరవతో 2003లో ఏర్పడిన లాభాపేక్ష లేని కంపెనీ నిక్సీ. రిజిస్ట్రీ కింద రిజిస్ట్రార్లనే వ్యాపారులు, వారి కింద మనం. ఒకేసారి పదేళ్లకు మించి పేరు ఇవ్వరు. గడువు దాటితే కొద్ది వారాల వెసులుబాటు, ఆ తర్వాత ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు. ఒకనాటి ఉద్యమ పత్రిక చిరునామాలో మరునాటికి జూదం ప్రకటనలు దర్శనమివ్వడం అందువల్లనే. మనం చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ఒప్పందంలో, ఫలానా పరిస్థితుల్లో పేరును నిలిపివేసే, రద్దు చేసే అధికారం రిజిస్ట్రీకీ రిజిస్ట్రార్‌కూ రాసి ఉంటుంది.

ఉత్తరాంధ్రలో భూమి గురించి తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. జిరాయితీ భూమికి యజమాని ఉంటాడు. డి-పట్టా భూమికి అనుభవదారుడే ఉంటాడు. దున్నుకోవచ్చు, పిల్లలకివ్వవచ్చు, కానీ ప్రభుత్వం తలచుకుంటే వెనక్కి తీసుకునే షరతు ఆ కాగితంలోనే ఉంటుంది. డొమైన్ పేరు జిరాయితీ కాదు, డి-పట్టా. పోలిక ఒకచోట కుదరదు: డి-పట్టా అమ్మకాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అడ్డుకుంది, డొమైన్ పేరును అమ్ముకోవచ్చు. అయితే ఆ నిషేధం పేదల భూమి పెద్దల పాలు కాకుండా పెట్టిన రక్షణ. డొమైన్ విషయంలో ఆ రక్షణా లేదు. షరతులే ఉన్నాయి.

కాగితం బలం ఎంతో, బలహీనత ఎంతో ఈ ప్రాంతపు దళితులకు ఎవరూ చెప్పనక్కర లేదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులు హతులైనది, మద్దువలస జలాశయం కోసం సేకరించగా మునగకుండా మిగిలిన భూమిలో సాగు ఎవరిదన్న తగాదాలోనే. సాగు ఉంది, సాగుకు కాగితం లేదు. ఆ నెత్తుటిని ఒక వెబ్‌సైట్‌తో తూచడం నా ఉద్దేశం కాదు. అనుభవం ఒకరిదై, హక్కు నిర్ణయించే అధికారం మరొకరిదైనప్పుడు ఎవరు నష్టపోతారన్నదే ఇక్కడ చూడవలసింది.

ఈ సందర్భంలో 2004లో రెండు నెలల వ్యవధిలో వెలువడిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. రెంటికీ తెలుగు నేలతో సంబంధముంది. మొదటిది ఆ ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో ఇచ్చినది. అసైన్డ్ భూమిని ప్రజాప్రయోజనం కోసం వెనక్కి తీసుకుంటే, పరిహారం ఉండదన్న షరతు పట్టాలో ఉన్నప్పటికీ, పూర్తి యజమానితో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలని అది చెప్పింది. నిరుపేద చేత పుచ్చుకునేటప్పుడు ఒప్పించిన షరతు అతని రాజ్యాంగ హక్కును మింగేయజాలదన్నది అందులోని తర్కం. రెండోది మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే కేసులో ఇచ్చినది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా పుట్టిన ఆ కంపెనీ తన పేరులోని అక్షరాలతో ‘సిఫీ’ అనే మాటను కూర్చుకుంది. దానిని పోలిన పేరుతో మరొకరు డొమైన్ నమోదు చేస్తే కోర్టుకెక్కింది. డొమైన్ పేరు కేవలం యంత్రపు చిరునామా కాదు, వ్యాపార గుర్తింపు కూడా. వేరొకరి సరుకును తమదిగా చెలామణి చేయడాన్ని అడ్డుకునే సూత్రం దీనికీ వర్తిస్తుందని న్యాయస్థానం తేల్చింది.

సిఫీ తీర్పు తర్వాత మన దేశంలో డొమైన్ పేరు మీద పెరిగిన న్యాయశాస్త్రమంతా ప్రధానంగా దుకాణదారుడి న్యాయశాస్త్రమే. పేరున్న కంపెనీ తన పేరును పోలిన చిరునామాను కొద్ది రోజుల్లో నిలిపివేయించగలదు. కానీ ఆ పేరు కింద కూర్చుని సబ్బులు అమ్మకుండా, కులం గురించి వ్యాసం రాసే మనిషికి ఆ పేరు మీద ఏ హక్కుంది? అతని చిరునామా పోతే అది 19(1)(ఎ) కింద భావప్రకటన భంగమా, 300ఎ కింద ఆస్తి నష్టమా, లేక ఒప్పందం రద్దు మాత్రమేనా? స్పష్టమైన సమాధానం మన చట్టంలో లేదు. వ్యాపారి పేరుకు రాగిరేకు దొరికింది, వక్త పేరుకు దొరకలేదు.

చిరునామా పోయే తీరులు రెండు. మొదటిది నిరోధం. సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద కేంద్రం ఆదేశిస్తే, ఇంటర్నెట్ సేవల కంపెనీలు ఆ వెబ్‌సైట్‌కు దారి మూసేస్తాయి. పేరు మీ పేరునే ఉంటుంది, రుసుము మీరే కడుతుంటారు, దేశంలో ఎవరూ మీ గుమ్మం తొక్కలేరు. రెండోది నిలిపివేత. రిజిస్ట్రీయే ఆ పేరును పట్టికలోంచి పక్కన పెడితే ప్రపంచంలో ఎక్కడివారికీ అది కనిపించదు. మొదటిదానికి కనీసం 2009 నాటి నియమాలున్నాయి. రెండోదానికి చాలాసార్లు ఒక ఒప్పందపు వాక్యమూ, ఒక పోలీసు లేఖా చాలు.

2020 జులైలో జరిగింది ఇదే. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా మీద అభ్యంతరాలు పంపండని ప్రచారం చేస్తున్న యువజన బృందాల వెబ్‌సైట్లు మూతపడ్డాయి. వాటిలో ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ భారత శాఖ వాడిన డాట్ ఇన్ చిరునామా ఒకటి. పర్యావరణ మంత్రికి ఈమెయిళ్లు వెల్లువెత్తాయన్నది ఫిర్యాదు. ఢిల్లీ పోలీసుల నోటీసులో ఉగ్రవాద నిరోధక చట్టం ఉపా ప్రస్తావన ఉంది. అది పొరపాటున వచ్చిందని తర్వాత వారే చెప్పారు, నోటీసు ఉపసంహరించుకున్నారు. చిరునామాలు తిరిగి తెరుచుకునేసరికి ముసాయిదా మీద అభిప్రాయాలు చెప్పే గడువులోని విలువైన రోజులు గడిచిపోయాయి.

ఇది నగర విద్యార్థుల గొడవ కదా అని శ్రీకాకుళం పాఠకుడు అనుకోనక్కర లేదు. సోంపేట బీల భూముల్లో 2010లో, కాకరాపల్లిలో 2011లో పోలీసు కాల్పులకు దారితీసిన పోరాటాలు థర్మల్ కేంద్రాల పర్యావరణ అనుమతుల చుట్టూ జరిగినవే. తంపర మీద, చెరువు మీద బతికే మత్స్యకార కులాలకూ, చిన్న రైతులకూ బహిరంగ విచారణ అన్నది తమ మాట వినిపించే ఒకే ఒక్క వేదిక. ఆ వేదికను కుదించే ముసాయిదా గురించి సమాచారం ఇస్తున్న చిరునామా రాత్రికి రాత్రి మాయమైతే నష్టం ఢిల్లీలోనే ఆగిపోదు.

నిరోధంలో ఇంకొక సాంకేతిక మెలిక ఉంది. నేటి వెబ్‌సైట్లలో పాఠకుడికీ సైటుకూ మధ్య సాగేదంతా సంకేతబద్ధమై ఉంటుంది. ఇంటర్నెట్ కంపెనీకి కనబడేది డొమైన్ పేరు మాత్రమే, లోపలి పేజీ కాదు. కనుక ఒక్క వ్యాసం నచ్చకపోతే ఒక్క వ్యాసాన్ని ఆపడం దాని చేతిలో లేదు. మొత్తం చిరునామాను ఆపాల్సిందే. 2025 ఫిబ్రవరిలో ఒక వ్యంగ్యచిత్రం కారణంగా దాదాపు శతాబ్దపు చరిత్ర ఉన్న తమిళ సంస్థ వికటన్ వెబ్‌సైట్ యావత్తూ మూతపడింది. మార్చిలో మద్రాసు హైకోర్టు దాన్ని తెరిపించింది గానీ ఆ చిత్రమున్న పేజీని పక్కన పెట్టమంది. ఒక్కడు తలెత్తితే వాడ మొత్తానికి నీళ్లూ కూలీ బందు చేసే సాంఘిక బహిష్కరణ ఎట్లా పనిచేస్తుందో కులసమాజంలో పుట్టినవారికి తెలుసు. శిక్షకు కొలమానం తప్పు కాదు, చిరునామా.

పైగా ఇదంతా గుట్టుగా జరుగుతుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో 66ఎ సెక్షన్‌ను కొట్టేసిన సుప్రీంకోర్టు 69ఎను నిలబెట్టింది. నియమాల్లో రక్షణలున్నాయి, కారణాలు రాతపూర్వకంగా ఉండాలి కదా అన్నది దానికి ఆధారం. కానీ ఫిర్యాదులనూ చర్యలనూ గోప్యంగా ఉంచాలనే పదహారో నియమం ఆ రక్షణలను కాగితానికే పరిమితం చేసింది. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరును వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినప్పుడు అక్కడ రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఆ పేరును కోరినవారి గొంతూ, దాన్ని కాల్చబోయినవారి గొంతూ ఒకే తాళం కిందకు వెళ్లాయి. అయినా అలాంటి మూసివేత ఉత్తర్వులను ప్రచురించాలని 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లాకు ఇంటర్నెట్ ఆపితే ఉత్తర్వు బయటపెట్టాలి. ఒక పత్రిక చిరునామాను ఆపితే ఉత్తర్వు దాచవచ్చు. ఈ వైరుధ్యాన్ని సమర్థించే తర్కం నాకు ఇంతవరకు కనబడలేదు.

గోప్యత ఎంత విడ్డూరంగా పనిచేస్తుందో ‘డౌరీ కాలిక్యులేటర్’ కథ చెబుతుంది. వరుడి ఉద్యోగం, జీతం, కులం వంటి వివరాలు నింపితే అతని ‘ధర’ లెక్కగట్టే వ్యంగ్య వెబ్‌సైట్ అది. 2011లో పాత్రికేయుడు తనుల్ ఠాకుర్ తయారుచేశారు. 2018లో దాన్ని నిరోధించారు. ఎందుకో ఆయనకు చెప్పలేదు. ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక 2022 మేలో, ఉత్తర్వు ప్రతి ఇచ్చి ఆయన వాదన వినాలని న్యాయస్థానం ఆదేశించింది. వరకట్నాన్ని వెక్కిరించిన చిరునామా మూతపడిన ఈ దేశంలోనే, కులం పేరునే డొమైన్ పేరుగా పెట్టుకుని ఏ కులానికి ఆ కులం సంబంధాలు కుదిర్చే పెళ్లిళ్ల వెబ్‌సైట్లు నిశ్చింతగా వర్ధిల్లుతున్నాయి. వాటిని మూసేయమని నా వాదన కాదు. కులాన్ని అమ్మే పేరుకు లేని ప్రమాదం కులాన్ని ఎగతాళి చేసే పేరుకు ఎందుకుందో ఆలోచించాలి.

నియంత్రణే వద్దనడం దళిత రాజకీయానికి సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు. మనల్ని దూషించే పేజీల మీద 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేసేది మనమే. మోసపు వెబ్‌సైట్లలో ఉద్యోగాల ఆశకు డబ్బు పోగొట్టుకునేది మన పిల్లలే. తొలగించే అధికారం ఉండాలి. ఆ అధికారం పేరున్న ఉత్తర్వుగా, కారణంతో, ముందస్తు నోటీసుతో రావాలన్నదే వాదం.

అదే నియంత్రణ పేరుతో వచ్చే మరో అంశం ఇంటి చిరునామా. డొమైన్ నమోదుకు పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు ఇవ్వాలి. 2018 మేలో ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన అమలులోకి వచ్చాక డాట్ కామ్ వంటి పేర్లలో వ్యక్తుల వివరాలు బహిరంగ పట్టికలోంచి చాలావరకు తొలగాయి. మన దగ్గర గాలి అటు వీయడం లేదు. సర్వర్లు, వీపీఎన్‌లు ఇచ్చే సంస్థలు వినియోగదారుల పేర్లు, చిరునామాలు ఐదేళ్లు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. నేరపరిశోధనకు ఇది అవసరమే అంటారు. కానీ భారతదేశంలో చిరునామా అంటే తపాలా వివరం మాత్రమేనా? ‘ఎస్సీ కాలనీ’, ‘హరిజనవాడ’ అన్న మాటలు ఆధార్ కార్డు మీదే అచ్చయి ఉంటాయి. ఇంటిపేరు దాచుకుని కలం పేరుతో రాసే అమ్మాయి కులాన్ని ఆమె వీధి పేరు చెప్పేస్తుంది. ఆ పట్టిక ఒక్కసారి బయటికి పొక్కితే అగ్రకులపు రచయితకు కలిగేది ఇబ్బంది. ఊరి పెత్తందారు గురించి రాసిన దళిత రచయితకు కలిగేది వేరు. గోప్యత హక్కు మీద జరిగే చర్చల్లో ఈ తేడా దాదాపు ఎప్పుడూ వినబడదు.

సొంత వేదిక లేకపోతే ఏమవుతుందో మన పూర్వీకులు చూశారు. 1920 జనవరి 31న వెలువడిన ‘మూక్‌నాయక్’ ప్రకటనను డబ్బు కట్టినా వేసుకోవడానికి ‘కేసరి’ ఒప్పుకోలేదు. 1936లో లాహోర్ సంఘం తన ప్రసంగంలో మాటలు మార్చమంటే అంబేడ్కర్ నిరాకరించారు. సభ రద్దయ్యాక దాన్ని సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నారు. మన భాషలో భాగ్యరెడ్డి వర్మ ‘భాగ్యనగర్’ పత్రిక, కుసుమ ధర్మన్న ‘జయభేరి’ ఆ అవసరం నుంచే పుట్టాయి. నాడు అచ్చుయంత్రం, నేడు డొమైన్ పేరు. అచ్చయిన ప్రతి మాత్రం, పత్రికను నిషేధించినా, ఎవరో ఒకరి ట్రంకుపెట్టెలో మిగిలేది.

యజమాని మారితే పాలికాపుకు కబురు కూడా అందదన్నట్టు, పైనున్న రిజిస్ట్రీలూ చేతులు మారబోతుంటాయి. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా వాడే డాట్ ఆర్గ్ రిజిస్ట్రీని 2019లో ఒక పెట్టుబడి సంస్థకు 113.5 కోట్ల డాలర్లకు అమ్మజూపారు. ప్రపంచవ్యాప్త నిరసనల తర్వాత 2020 ఏప్రిల్ 30న ఐకాన్ దాన్ని తిరస్కరించింది. ఆ బేరం కుదిరి ఉంటే మన దళిత సంఘాల చిరునామాల రుసుము కూడా ఆ పెట్టుబడిదారుల చేతిలోకి వెళ్లేది.

తెలుగు లిపిలో ‘.భారత్’ తోకతో ఇప్పుడు పేరు నమోదు చేసుకోవచ్చు. సంతోషమే. నిక్సీ ఈ సౌకర్యాన్ని ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకు ఉద్దేశించింది. ముఖలింగం స్థలపురాణం ఇప్పచెట్టునూ శబరులనూ వదిలి సాగదు. దేవుడికి మధుకేశ్వరుడన్న పేరే ఇప్ప నుంచి వచ్చింది. ఆ సవరల భాష కోసం గిడుగు 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు తెచ్చారు. 1936లో మంగెయి గొమాంగో ఆ భాషకు సొంత లిపినీ రూపొందించారు. సవర ఎనిమిదో షెడ్యూలులో లేదు. దేశం పేరు పక్కన తన భాషను తన లిపిలో నిలుపుకునే తావు సవర విద్యార్థికి నేటికీ లేదు.

తక్షణం చేయవలసినవి రెండున్నాయి. మొదటిది న్యాయపోరాటం. నిక్సీ ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ. జాతీయ వనరును పంచుతోంది. అది చేసే నిలిపివేతను ప్రైవేటు ఒప్పందపు వ్యవహారంగా కాక, రిట్ అధికార పరిధిలోని రాజ్య చర్యగా చూడాలని వాదించవచ్చు. మేకల పాండు తీర్పు అందుకు సిద్ధంగా ఉన్న ఆయుధం. పట్టాలోని షరతు పేదవాడి హక్కును చంపజాలదంటే, ‘అంగీకరిస్తున్నాను’ అన్న ఒక్క నొక్కుడు పౌరుడి గొంతును ఎట్లా చంపగలదు? మన న్యాయ కళాశాలల విద్యార్థులు సిఫీ కేసును పాఠంగా చదువుతారు, భూమి కేసును రెవెన్యూ చట్టాల కింద వదిలేస్తారు. రెంటినీ కలిపి ఒక్క రిట్ పిటిషన్ రాయగలవారు వారిలోంచే రావాలి.

రెండోది ఇంటి పని. మన పత్రికల డొమైన్లు ఎక్కువగా ఒక మిత్రుడి పేరున, అతని ఈమెయిలు మీద, అతని కార్డుతో నమోదవుతాయి. అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతే, లేదా సంఘంతో తగాదా పడితే, ప్రభుత్వం కలగజేసుకోకుండానే చిరునామా పోతుంది. రిజిస్టరైన సొసైటీ ఉంటే దాని పేరునే నమోదు చేసుకోవాలి. ఇద్దరికి తాళంచెవులుండాలి. వెబ్‌సైట్ మొత్తం ప్రతి మూడు నెలలకోసారి హార్డ్ డిస్క్‌లోకి దించుకోవాలి, ఒక ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికివ్వాలి. రెన్యువల్ రుసుము సంఘం వార్షిక పద్దుల్లో, జయంతి సభ ఖర్చు కన్నా ముందు వరుసలో రాసుకోవాలి.